అరవై గంటల ప్లాన్ పది గంటలకు ఎందుకు తగ్గింది: టెక్సాస్‌లో ఒక డ్యుయల్ క్రెడిట్ కేసు

ఇది ఒకే తరహా కుటుంబాల వివరాలను కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా కూర్చిన కేసు. ర్యాంకులు, మార్కులు, ఫలితాలు ఆ కూర్పులోవి. చట్టాలు, కోర్సు నంబర్లు, గడువుల పద్ధతి మాత్రం టెక్సాస్‌లో నిజంగా అమల్లో ఉన్నవే.

కేసు

డాలస్‌కు ఉత్తరాన కాలిన్ కౌంటీలో ఒక పెద్ద పబ్లిక్ హైస్కూలు. అమ్మాయి పదో తరగతి ముగిస్తోంది. బ్యాచ్‌లో 620 మంది ఉంటే తన ర్యాంకు 38. ఆల్జీబ్రా-1 ఏడో తరగతిలోనే పూర్తయింది కాబట్టి పదిలో ప్రీకాలిక్యులస్ చదివింది, పదకొండులో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సు) కాలిక్యులస్ బీసీకి వెళ్తుంది. ఇష్టం మెకానికల్ ఇంజనీరింగ్, లేకపోతే అప్లైడ్ మ్యాథ్. అనుకుంటున్న యూనివర్సిటీలు యూటీ ఆస్టిన్, టెక్సాస్ ఏ అండ్ ఎం, వాటితోపాటు బయటి రాష్ట్రాల్లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలు. తండ్రి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు, అమ్మాయిది దాని మీద ఆధారపడ్డ హెచ్-4. గ్రీన్ కార్డు క్యూ ఎప్పటికి తెమిలేదో తెలిసిందే.

తల్లిదండ్రులు తెచ్చిన ప్లాన్ చక్కగా టైప్ చేసి ఉంది. పదకొండు, పన్నెండు తరగతుల్లో డ్యుయల్ క్రెడిట్ (ఒకే కోర్సు హైస్కూలుకూ కాలేజీకీ లెక్కకొచ్చే పద్ధతి) కింద స్థానిక రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో 60 సెమిస్టర్ గంటలు (కాలేజీ క్రెడిట్ కొలత) పూర్తిచేసి, హైస్కూలు డిప్లొమాతోపాటే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ కూడా తీసుకోవడం. ఇంగ్లిష్ 1301, 1302, హిస్టరీ 1301, 1302, గవర్నమెంట్ 2305, 2306, ఎకనామిక్స్ 2301, సైకాలజీ, స్పీచ్, కాలేజ్ ఆల్జీబ్రా, ఇలా వరసగా రాసుకొచ్చారు. వాళ్ల ఆలోచన సూటిగానే ఉంది: పదిహేడేళ్లకే చేతిలో ఒక డిగ్రీ ఉంటే పెద్ద యూనివర్సిటీ కాదనదు, పైగా రెండేళ్ల ఫీజు మిగులుతుంది.

ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు మీద సీటు తెచ్చుకుని వచ్చిన తరానికి ఇలా అనిపించడం సహజం. అక్కడ ఏ కాలేజీలో చదివావని ఎవరూ అడగరు, ర్యాంకు చాలు. ఇక్కడి సెలెక్టివ్ అడ్మిషన్లలో లెక్క అలా నడవదు. సర్టిఫికెట్ ఏమిటన్నదానికంటే, నీ స్కూల్లో దొరికే కోర్సుల్లో నువ్వు ఏవి ఎంచుకున్నావన్నది ముందు వస్తుంది.

ఫైలు చదివేవాళ్లు చూసేది

హైస్కూలు కౌన్సిలర్ ట్రాన్‌స్క్రిప్ట్‌తోపాటు స్కూల్ ప్రొఫైల్ అనే కాగితం పంపుతారు. స్కూల్లో ఏయే ఏపీలు ఉన్నాయి, గ్రేడ్లకు ఎంత వెయిటేజీ ఇస్తారు, ర్యాంకు ఎలా లెక్కిస్తారు అన్నవి అందులో ఉంటాయి. చాలా యూనివర్సిటీలకు ఒకే దరఖాస్తుగా పనిచేసే కామన్ యాప్‌లో, కౌన్సిలర్ ఫారంలో ఇంకో ప్రశ్న ఉంటుంది: ఈ స్కూలు స్థాయిలో ఈ విద్యార్థి తీసుకున్న కోర్సులు ఎంత కఠినం? ఐదు మెట్లలో ఒకటి టిక్ పెట్టాలి. అందరూ ఆశించేది పై మెట్టు, అంటే 'అత్యంత కఠినం'.

ఈ స్కూల్లో ఏపీ ఇంగ్లిష్ లాంగ్వేజ్, ఏపీ యూఎస్ హిస్టరీ రెండూ ఉన్నాయి. వాటిని వదిలి ఇంగ్లిష్ 1301, హిస్టరీ 1301 తీసుకుంటే చదివేవాళ్లకు అది తేలిక దారిలాగే కనిపిస్తుంది. ఇదే విద్యార్థి పశ్చిమ టెక్సాస్‌లో రెండే ఏపీలున్న చిన్న ఊరి స్కూల్లో ఉంటే, అవే డ్యుయల్ క్రెడిట్ కోర్సులు 'అత్యంత కఠినం' కిందకే వచ్చేవి. కోర్సు మారలేదు, దాని పక్కన దొరికేవి మారాయి.

ఏపీ కోర్సు డ్యుయల్ క్రెడిట్ కన్నా గొప్పదని కాదు. ఏపీకి మే నెలలో దేశమంతటా ఒకే పరీక్ష ఉంటుంది, 1 నుంచి 5 స్కోరు వస్తుంది. కమ్యూనిటీ కాలేజీలో వచ్చిన 'ఏ' గ్రేడ్ వెనక ఏ ప్రొఫెసర్, ఎలాంటి పరీక్ష ఉన్నాయో చదివేవాళ్లకు కనిపించదు. కొలబద్ద లేని 'ఏ' కన్నా కొలబద్ద ఉన్న 'ఏ'కి బరువెక్కువ.

అందుకే ఈ కేసులో పెట్టుకున్న సూత్రం ఒకటే: స్కూలు మెట్లు ఎక్కడ అయిపోతాయో అక్కడి నుంచే కాలేజీ కోర్సు. స్కూల్లో ఉన్నదాన్ని కాలేజీలో తీసుకోకూడదు. ఈ అమ్మాయికి మెట్లు అయిపోయేది గణితంలో. బీసీ తర్వాత ఈ స్కూల్లో ఏపీ స్టాటిస్టిక్స్ తప్ప ఇంకేమీ లేదు.

ర్యాంకు లెక్క

కుటుంబం పట్టించుకోని సంగతి ఇది. టెక్సాస్ 1997లో తెచ్చిన చట్టం టాప్ 10 శాతం విద్యార్థులకు రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఇచ్చింది. 2009 సవరణతో యూటీ ఆస్టిన్‌కు మాత్రం మినహాయింపు వచ్చింది. అక్కడ రాష్ట్రవాసుల ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) సీట్లలో 75 శాతం వరకే ఆటోమేటిక్‌గా నింపుతారు, ఎంత శాతం ర్యాంకు సరిపోతుందో ఏటా ప్రకటిస్తారు. కొన్నేళ్లు 6 శాతంగా ఉన్నది 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి 5 శాతమైంది. 620లో 6 శాతం అంటే 37వ ర్యాంకు, 5 శాతం అంటే 31. అమ్మాయి ర్యాంకు 38.

జిల్లా నిబంధనల ప్రకారం ఏపీకి 6.0 స్కేలు, డ్యుయల్ క్రెడిట్‌కు 5.5. ర్యాంకుకు వాడే జీపీఏ (గ్రేడ్ల సగటు)లోకి వచ్చే కోర్సులు 24 అనుకుందాం. ఆరు ఏపీలను డ్యుయల్ క్రెడిట్‌తో మారిస్తే, అన్నిట్లో పూర్తి మార్కులు వచ్చినా 6 × 0.5 = 3.0 పాయింట్లు పోతాయి. 24తో భాగిస్తే 0.125. పై వరసలో ర్యాంకుల మధ్య తేడా వందో వంతుల్లో ఉంటుంది. 0.125 తగ్గితే ఇరవై ముప్ఫై స్థానాలు జారినా ఆశ్చర్యం లేదు.

వెయిటేజీ ఒక్కో జిల్లాలో ఒక్కోలా ఉంటుంది, రెండింటికీ సమానంగా ఇచ్చే జిల్లాలూ ఉన్నాయి. పక్క ఊరి బంధువుల మాట విని లెక్క వేసుకోకూడదు. జిల్లా అకడమిక్ గైడ్‌లో జీపీఏ పేజీ తీసి చూడాలి. అక్కడే ఇంకోటి వెతకాలి: కాలేజీ అక్షరాల్లో గ్రేడ్ ఇస్తుంది, స్కూలు దాన్ని అంకెలోకి ఎలా మారుస్తుంది? కాలేజీ 'ఏ'ని 95గా రాసుకునే జిల్లాలో, స్కూలు ఏపీలో 99 తెచ్చుకునే పిల్లకు అక్కడ కూడా నాలుగు పాయింట్లు పోతాయి.

ఆటోమేటిక్ అడ్మిషన్‌కు లెక్కలోకి వచ్చేది దరఖాస్తు నాటి ర్యాంకు, అంటే చాలామందికి పదకొండో తరగతి చివరి ర్యాంకు. పన్నెండులో చేసే కోర్సులు ఆ గేటు దాటడానికి పనికిరావు, ఆ గేటును పాడుచేయనూ లేవు. కాబట్టి పదకొండులో ఏపీలు, పన్నెండులో కాలేజీ గణితం అన్న క్రమం దానంతటదే తేలింది. ఆటోమేటిక్ అడ్మిషన్ ఇచ్చేది యూనివర్సిటీలో చోటు మాత్రమే, అడిగిన మేజర్ (ప్రధాన సబ్జెక్టు)లో కాదు. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ లాంటివి విడిగా చూస్తారు.

అరవైలో ఎన్ని పనికొస్తాయి

కాలేజీ గంటలు ఉండటం వేరు, అవి డిగ్రీలో సర్దుకోవడం వేరు. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీలకు 42 గంటల కోర్, అంటే అన్ని డిగ్రీలకూ ఉమ్మడిగా ఉండే కోర్సుల జాబితా, ఉంది. ఒక పబ్లిక్ కాలేజీలో చేసిన కోర్ కోర్సును ఇంకో పబ్లిక్ యూనివర్సిటీ ఒప్పుకోవాల్సిందే. అది నిజమైన లాభం. కానీ మెకానికల్ డిగ్రీ ప్లాన్ పక్కన ఈ 60 గంటల జాబితా పెట్టి గీతలు కొడితే మిగిలేవి ఇవి: రచన 3, సాహిత్యం 3, అమెరికా చరిత్ర 6, గవర్నమెంట్ 6, సోషల్ సైన్స్ 3, కళలు 3. మొత్తం 24. కాలేజ్ ఆల్జీబ్రా ఇంజనీరింగ్ డిగ్రీలోకి రాదు, అక్కడ గణితం కాలిక్యులస్‌తోనే మొదలవుతుంది. రెండో సైకాలజీ, స్పీచ్ లాంటివి ఎలెక్టివ్ ఖాతాలో పడి ఉంటాయి, డిగ్రీని ఒక్క రోజు కూడా ముందుకు జరపవు.

ఆ 24 గంటలు కూడా రెండేళ్లు తగ్గించవు. కాలిక్యులస్, ఫిజిక్స్, స్టాటిక్స్, డైనమిక్స్, ఘన పదార్థాల మెకానిక్స్, చివరకు సీనియర్ డిజైన్: ఇది ఒకదాని తర్వాత ఒకటి నడవాల్సిన గొలుసు. పక్కనున్న చరిత్ర, గవర్నమెంట్ తీసేస్తే సెమిస్టర్లు తేలికవుతాయి, గొలుసు పొట్టిదవదు. మహా అయితే ఒక సెమిస్టర్, పద్ధతిగా సర్దుకుంటే ఏడాది. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదివేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు 60 గంటల ప్లాన్ నిజంగానే ఏడాది, ఏడాదిన్నర మిగల్చొచ్చు.

ప్రైవేటు సెలెక్టివ్ యూనివర్సిటీల దగ్గర పరిస్థితి ఇంకా కఠినం. చాలాచోట్ల షరతులు ఒకేలా ఉంటాయి: కోర్సు కాలేజీ క్యాంపస్‌లో, కాలేజీ అధ్యాపకులే, కాలేజీ విద్యార్థుల మధ్య చెప్పి ఉండాలి, హైస్కూలు డిప్లొమాకు లెక్కపెట్టి ఉండకూడదు, గ్రేడ్ ఒక స్థాయికి తగ్గకూడదు. హైస్కూలు గదిలో హైస్కూలు పిల్లలకే చెప్పిన కోర్సుకు, కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ ఉన్నా సరే, క్రెడిట్ ఇవ్వమని కోర్నెల్ తన నిబంధనల్లో సూటిగా రాసింది. కుటుంబం ప్లాన్‌లోని కోర్సుల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఆ రకానివే: హైస్కూలు టీచరు, హైస్కూలు గది, కాలేజీ ముద్ర.

యూటీ ఆస్టిన్ నడిపే ఆన్‌ర్యాంప్స్ ఇంకో రకం. హైస్కూలు టీచరు ఒక గ్రేడ్ ఇస్తారు, యూనివర్సిటీ వైపు నుంచి వేరే గ్రేడ్ వస్తుంది, కాలేజీ క్రెడిట్ తీసుకోవాలా వద్దా అన్నది చివర్లో విద్యార్థి తేల్చుకోవచ్చు. గ్రేడ్ చూశాక వద్దనుకునే వీలు మామూలు డ్యుయల్ క్రెడిట్‌లో ఉండదు. కాలేజీ ఫైలులో ఒకసారి పడిన సీ అక్కడే ఉంటుంది.

హెచ్-4 సంగతి కూడా తేల్చాలి, ఎందుకంటే తొందర ఉన్నది అక్కడే. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, డిగ్రీ త్వరగా అయిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) కావాలంటే ఎలాగూ ఎఫ్-1 విద్యార్థి వీసాలోకి మారాలి. టెక్సాస్‌లో నివాస షరతులు తీరితే హెచ్-4 పిల్లలకు ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుంది, ఫెడరల్ ఆర్థిక సాయం మాత్రం రాదు. కాబట్టి ఈ ఇంటికి డబ్బు ఆదా చేసేది 60 గంటల ప్లాన్ కాదు, రాష్ట్ర యూనివర్సిటీలో సీటు.

కుదిరిన ప్లాన్

పదకొండులో ఏపీ కాలిక్యులస్ బీసీ, ఏపీ ఫిజిక్స్, ఏపీ ఇంగ్లిష్ లాంగ్వేజ్, ఏపీ యూఎస్ హిస్టరీ, ఏపీ కంప్యూటర్ సైన్స్, స్పానిష్. పన్నెండులో స్కూల్లో నాలుగు ఏపీలు, వాటిలో గవర్నమెంట్ ఒకటి. కాలేజీలో మొత్తం మూడు కోర్సులే:

గవర్నమెంట్ 2306, టెక్సాస్ గవర్నమెంట్, పదో తరగతి అయ్యాక వేసవిలో, 3 గంటలు.
మ్యాథ్ 2415, కాలిక్యులస్-3, పన్నెండు ఫాల్, 4 గంటలు.
మ్యాథ్ 2318, లీనియర్ ఆల్జీబ్రా, పన్నెండు స్ప్రింగ్, 3 గంటలు.

నంబర్లు చదవడం వస్తే జాబితాలు సులువుగా అర్థమవుతాయి. టెక్సాస్ ఉమ్మడి నంబర్లలో మొదటి అంకె స్థాయి (1 మొదటి ఏడాది, 2 రెండో ఏడాది), రెండో అంకె సెమిస్టర్ గంటలు. 2415 అంటే రెండో ఏడాది స్థాయి, నాలుగు గంటలు.

గవర్నమెంట్ 2306తో మొదలుపెట్టడానికి రెండు కారణాలు. రాష్ట్ర చట్టం ప్రకారం పబ్లిక్ యూనివర్సిటీ డిగ్రీకి 6 గంటల గవర్నమెంట్ కావాలి, అందులో టెక్సాస్ రాజ్యాంగం ఉండాలి. ఏపీ గవర్నమెంట్ సిలబస్‌లో అది లేదు. రెండోది, ఇది ఏ గొలుసులోనూ భాగం కాదు. కాలేజీ పద్ధతి అలవాటయ్యేలోపు తడబడినా గణితానికి దెబ్బ తగలదు.

వేసవిలో కాలిక్యులస్-3 పెట్టమని తండ్రి అడిగారు. ఐదు వారాల వేసవి టర్మ్‌లో అది కుదరదని లెక్కే చెబుతుంది. నాలుగు గంటల కోర్సుకు సెమిస్టర్ మొత్తంలో కనీసం 64 గంటల తరగతి ఉంటుంది. ఐదు వారాల్లో అంటే వారానికి దాదాపు 13 గంటలు. తరగతి గంటకు రెండు గంటల ఇంటి పని అనుకుంటే ఇంకో 26. బహుళ సమాకలనులు మనసుకు పట్టడానికి మధ్యలో ఖాళీ వారాలు కావాలి, వేసవి టర్మ్‌లో అవే ఉండవు.

నమోదు, అందులో ఆగిపోయే చోట్లు

ముందు కమ్యూనిటీ కాలేజీకి దరఖాస్తు పెట్టి విద్యార్థి నంబరు తెచ్చుకోవాలి. తర్వాత టీఎస్ఐఏ2 పరీక్ష: గణితంలో 950, ఇంగ్లిష్‌లో 945తోపాటు వ్యాసంలో 5 వస్తే కాలేజీ స్థాయికి సిద్ధమని లెక్క. ఎస్ఏటీ స్కోరుతో మినహాయింపు కూడా ఉంది. ఆపైన కౌన్సిలర్, తల్లిదండ్రుల సంతకాలతో అనుమతి ఫారం. ఈ మూడూ మార్చిలో మొదలుపెడితే వేసవి టర్మ్‌కు అందుతాయి. మేలో మొదలుపెడితే మంచి ప్రొఫెసర్ల సెక్షన్లు నిండిపోతాయి.

ప్రొఫెసర్‌ను ఎంచుకోవడానికి రివ్యూ సైట్లకన్నా మంచి ఆధారం ఉంది. 2009లో వచ్చిన హెచ్‌బీ 2504 అనే రాష్ట్ర చట్టం ప్రకారం టెక్సాస్ పబ్లిక్ కాలేజీలు ప్రతి అండర్‌గ్రాడ్యుయేట్ తరగతి సిలబస్‌ను, అధ్యాపకుల వివరాలను ఆన్‌లైన్‌లో పెట్టాలి. పరీక్షలెన్ని, ఒక్కోదానికి ఎంత శాతం, ఆలస్యంగా ఇచ్చిన హోంవర్క్ తీసుకుంటారా అన్నవి అందులో కనిపిస్తాయి. ఆ సిలబస్ పీడీఎఫ్ దాచుకోవాలి. తర్వాత యూనివర్సిటీ క్రెడిట్ పరిశీలించేటప్పుడు అడిగేది దాన్నే.

మ్యాథ్ 2415కి ముందు 2414 క్రెడిట్ ఉండాలి. ఏపీ బీసీ స్కోరు ఆ పని చేస్తుంది, కానీ స్కోర్లు జులైలో వస్తాయి, తరగతులు ఆగస్టు చివర్లో మొదలు. మధ్యలో స్కోరు కాలేజీకి చేరాలి, ఎవరో దాన్ని చూసి క్రెడిట్ నమోదు చేయాలి, అప్పుడుగాని సిస్టం రిజిస్ట్రేషన్ తీసుకోదు. ఏపీ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డు ఏటా జూన్ 20 లోపు ఒక కాలేజీకి స్కోరు ఉచితంగా పంపనిస్తుంది. చాలామంది ఆ అవకాశాన్ని ఏదో కలల యూనివర్సిటీ పేరు మీద ఖర్చు చేస్తారు, పదకొండో తరగతి పిల్లకు దాంతో ఒరిగేదేమీ లేదు. ఈ కేసులో దాన్ని కమ్యూనిటీ కాలేజీకే వాడారు.

ఈ గణిత కోర్సులను హైస్కూలు క్రెడిట్‌కు లెక్కపెట్టాలా అన్నది తర్వాతి నిర్ణయం. బీసీతో గణితంలో డిప్లొమాకు కావాల్సినవన్నీ అయిపోయాయి, కాబట్టి వీటిని కాలేజీ క్రెడిట్‌కే చేశారు. ఫీజు డ్యుయల్ క్రెడిట్ రేటు కన్నా ఎక్కువైంది. బదులుగా, డిప్లొమాకు వాడని కోర్సులకే క్రెడిట్ ఇచ్చే యూనివర్సిటీల షరతు నెరవేరింది. దీనికో చిక్కు ఉంది. హైస్కూలు ట్రాన్‌స్క్రిప్ట్ మీద పన్నెండో తరగతిలో గణితమే కనిపించదు. ఇంజనీరింగ్ అడిగే పిల్ల చివరి ఏడాది గణితం మానేసిందని చదివేవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. అందుకే మూడు చోట్ల రాశారు: కామన్ యాప్‌లో కాలేజీల విభాగంలో, ప్రస్తుత ఏడాది కోర్సుల జాబితాలో, కౌన్సిలర్ లేఖలో ఒక వాక్యంగా. మూడు చోట్లా ఒకే కోర్సు పేరు, ఒకే నంబరు ఉండాలి.

తల్లిదండ్రులను ఎక్కువగా కలవరపెట్టేది ఫెర్పా, అంటే విద్యార్థి రికార్డుల గోప్యతను కాపాడే ఫెడరల్ చట్టం. విద్యార్థి కాలేజీలో నమోదైతే, వయసు పదహారే అయినా, ఆ కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. తండ్రి ఫోన్ చేసి మార్కులు అడిగితే కాలేజీ చెప్పదు. ప్రొఫెసర్‌కు తల్లి ఈమెయిల్ రాస్తే జవాబు రాకపోవడమే కాదు, ఆ పిల్ల మీద చిన్నచూపు కూడా పడుతుంది. సమ్మతి ఫారం సంతకం చేయించి పెట్టుకోవచ్చు, కానీ ఆఫీసు అవర్స్‌కు (ప్రొఫెసర్ విద్యార్థుల కోసం కేటాయించే సమయం) వెళ్లాల్సింది పిల్లే.

మొదటి పరీక్షలో 71

కాలిక్యులస్-3కి మంగళ, గురువారాల్లో సాయంత్రం తరగతి. గ్రేడ్ పంపకం ఇలా: మూడు పరీక్షలు ఒక్కోటి 20 శాతం, ఫైనల్ 30, హోంవర్క్ 10. మొదటి పరీక్షలో 71 వచ్చింది. ఇంతవరకు తొంభై కింద మార్కు చూడని పిల్ల.

తప్పులు చూస్తే కారణం తెలిసింది. సమాకలనం బాగానే వచ్చు. తలాలు, వక్ర ఉపరితలాలు గీసుకుని హద్దులు తేల్చే చోటే పోయింది. బీసీలో చాలా లెక్కలకు బొమ్మ ప్రశ్నతోపాటే వస్తుంది. ఇక్కడ బొమ్మ గీయడమే సగం లెక్క. రెండో కారణం అలవాటు: హైస్కూల్లో తప్పితే మళ్లీ రాసే రీటెస్ట్ ఉంటుంది, కాలేజీలో ఉండదు.

రెండో పరీక్షకు వారానికోసారి ఆఫీసు అవర్స్, కాలేజీ మ్యాథ్ ల్యాబ్, ప్రతి లెక్కకూ ముందు బొమ్మ. 88 వచ్చింది. నవంబరులో డబ్ల్యూ (కోర్సు మధ్యలో మానేసినట్టు గుర్తు)తో తప్పుకునే గడువు దగ్గరపడింది. కాలేజీ తరగతులు మొదలయ్యాక పన్నెండో పని దినం లోపు మానేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏమీ పడదు, ఆ తర్వాత మానేస్తే డబ్ల్యూ, గడువు దాటితే వచ్చిన గ్రేడే. ఉండాలా మానాలా అన్నది భయం మీద కాకుండా లెక్క మీద తేల్చారు. హోంవర్క్ 98 అనుకుంటే చేతిలో ఉన్నవి 14.2 + 17.6 + 9.8 = 41.6. మిగిలింది 50 శాతం. 80 దాటి బీ రావాలంటే మిగిలిన దాంట్లో 38.4, అంటే సగటున 77. 'ఏ' కావాలంటే 48.4, అంటే సగటున 97. 'ఏ' దాదాపు పోయినట్టే, బీ మాత్రం చేతికందేదే. అందుకే మానలేదు. మూడో పరీక్ష 91, ఫైనల్ 90, మొత్తం 86.8. బీ.

ఇంజనీరింగ్ అడిగే విద్యార్థికి పన్నెండు ఫాల్‌లో డబ్ల్యూ పడితే, చదివేవాళ్లు కారణం వెతుకుతారు, దొరక్కపోతే తోచింది అనుకుంటారు. కాలిక్యులస్-3లో బీకి ఆ అవసరం రాదు. సీ వచ్చేలా ఉంటే మాత్రం డబ్ల్యూ వైపే మొగ్గు చూపాలి. అడ్మిషన్ ఒక్కటే కాదు, ఆ గ్రేడ్ తర్వాత కూడా వెంట వస్తుంది.

అది ఎంతదూరం వస్తుందో మెడిసిన్ వైపు చూసేవాళ్లకు మరీ ముఖ్యం. మెడికల్ కాలేజీల దరఖాస్తు సర్వీసు ఏఎంసీఏఎస్, హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సుల గ్రేడ్లను కూడా జీపీఏలో కలుపుతుంది. లా స్కూళ్ల దరఖాస్తు సంస్థ ఎల్‌శాక్ కూడా అంతే. పదహారేళ్లప్పుడు ఆన్‌లైన్ బయాలజీలో వచ్చిన సీ, ఇరవై ఒకటో ఏట సైన్స్ జీపీఏలో కనబడుతుంది. డాక్టర్ కావాలనుకునే పిల్లకు కాలేజీ బయాలజీ, కెమిస్ట్రీని హైస్కూల్లో తొందరపడి చేయించడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

సిఫార్సు లేఖలు

60 గంటల ప్లాన్‌లో ఎవరూ ఊహించని దెబ్బ ఇక్కడ పడుతుంది. సెలెక్టివ్ యూనివర్సిటీలు ఎక్కువగా ఇద్దరు ముఖ్య సబ్జెక్టు టీచర్ల లేఖలు అడుగుతాయి. ఎంఐటీ ఒకటి గణితం లేదా సైన్స్ నుంచి, ఇంకొకటి హ్యుమానిటీస్ నుంచి కావాలంటుంది. పదకొండులో ఇంగ్లిష్, చరిత్ర, గణితం మూడూ బయట చదివిన పిల్లను స్కూల్లో బాగా ఎరిగినవాళ్లు ఎవరుంటారు? ఆన్‌లైన్ సెక్షన్ ప్రొఫెసర్‌కు ఆమె ఒక పేరు, ఒక గ్రేడ్. ఈ కేసులో లేఖలు ఏపీ కాలిక్యులస్ టీచరు, ఏపీ ఇంగ్లిష్ టీచరు రాశారు. గణితం టీచరు లేఖలో, బీసీ సిలబస్ అయిపోయాక పిల్ల తనంతట తాను ముందుకు చదివిన సంగతి ఉంది. కాలిక్యులస్-3 ఎందుకు తీసుకుందో ఆ వాక్యమే చెప్పేసింది.

ఫలితం

పదకొండు చివరికి ర్యాంకు 34. మూడు ర్యాంకుల తేడాతో 5 శాతం గేటు తప్పింది. దాంతో ఆస్టిన్ ఫైలు పూర్తి పరిశీలనకు వెళ్లింది. మొదటి మేజర్‌గా అడిగిన మెకానికల్ రాలేదు, రెండో ఎంపిక గణితంలో సీటు వచ్చింది. ఏ అండ్ ఎం టాప్ 10 శాతానికి ఇచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్ పరిధిలో 34 హాయిగా ఉంది. అక్కడ ఇంజనీరింగ్‌లోనూ చోటు దొరికింది. మూడు ప్రైవేటుల్లో రెండు కాదన్నాయి, ఒకటి అవునంది. ఇందులో కాలిక్యులస్-3 వాటా ఇంతని ఎవరైనా కొలిచి చెబితే నమ్మకూడదు. అన్నిచోట్లా ఫైలు 'అత్యంత కఠినం' గుర్తుతోనే చేరిందన్నది మాత్రం ఖాయం.

పది గంటలకు ఏం దక్కింది? రెండు పబ్లిక్ యూనివర్సిటీలూ పదీ ఒప్పుకున్నాయి. ప్రైవేటు యూనివర్సిటీ క్రెడిట్ ఇవ్వలేదు, కానీ పై గణిత కోర్సులో నేరుగా కూర్చోనిచ్చింది. అమ్మాయి ఏ అండ్ ఎం ఎంచుకుంది. అక్కడ మొదటి ఏడాది జనరల్ ఇంజనీరింగ్, తర్వాత మేజర్ కోసం ఈటీఏఎం అనే వడపోత ఉంటుంది. దానికి చూసే జీపీఏ అక్కడ చదివిన కోర్సులదే. బయటి కాలేజీలో వచ్చిన 'ఏ' అందులో కలవదు. తేలిక కోర్సులన్నీ ముందే చేసేసిన పిల్లలకు, మొదటి సెమిస్టర్లో జీపీఏ నిలబెట్టే ఆసరా ఉండదు. 60 గంటలతో వెళ్లి ఉంటే ఆ ఇబ్బంది ఈమెకూ ఎదురయ్యేది.

రాష్ట్రం మారితే

టెక్సాస్ లెక్కను కాలిఫోర్నియాకు అంటించకూడదు. యూసీ యూనివర్సిటీలు 3 సెమిస్టర్ యూనిట్ల బదిలీ అయ్యే కాలేజీ కోర్సును హైస్కూల్లో ఏడాది చదువుతో సమానంగా లెక్కిస్తాయి, జీపీఏలో ఏపీకి ఇచ్చినట్టే ఆనర్స్ పాయింటు కూడా ఇస్తాయి. అక్కడ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏపీకి ప్రత్యామ్నాయంగా నిలబడుతుంది. భాషలో మూడో ఏడాది మిగిలిపోయిన పిల్లలు ఒకే సెమిస్టర్లో దాన్ని పూరించుకుంటారు. వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్ కింద పదకొండు, పన్నెండు పిల్లలకు ట్యూషన్ ఉండదు, పుస్తకాలు, ప్రయాణం మాత్రం సొంత ఖర్చు. 5 క్వార్టర్ క్రెడిట్లు హైస్కూల్లో ఒక పూర్తి క్రెడిట్. అక్కడ కూడా పూర్తిగా కాలేజీకి మారిపోయిన పిల్లలకు సిఫార్సు లేఖల సమస్య ఇలాగే వస్తుంది.

టెక్సాస్‌లోనే స్కూల్లో ఉచిత, తగ్గింపు భోజనానికి అర్హత ఉన్న పిల్లలకు 2023 చట్టంతో వచ్చిన ఫాస్ట్ పథకం కింద, అందులో చేరిన కాలేజీల్లో డ్యుయల్ క్రెడిట్ ఉచితం. అలాంటి ఇంట్లో, రాష్ట్ర యూనివర్సిటీయే గమ్యమైతే, మొదట కాదన్న 60 గంటల ప్లాన్ చాలా మంచి ప్లాన్. అప్పుడు కూడా ఇంజనీరింగ్ పిల్లలు కాలేజ్ ఆల్జీబ్రా బదులు మ్యాథ్ 2413 నుంచి గొలుసు కట్టుకోవాలి.

చివరి పని మేలో మొదలవుతుంది. హైస్కూలు పంపే తుది ట్రాన్‌స్క్రిప్ట్‌లో కాలేజీ గ్రేడ్లు ఉన్నా లేకున్నా, కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ విడిగా పంపాలి. స్ప్రింగ్ గ్రేడ్ ఎక్కిందో లేదో చూశాకే ఆర్డర్ పెట్టాలి. ముందే పెడితే లీనియర్ ఆల్జీబ్రా ఎదురుగా 'జరుగుతోంది' అన్న మాటతోనే వెళ్లిపోతుంది, యూనివర్సిటీ దాన్ని క్రెడిట్‌గా తీసుకోదు. కట్టని పార్కింగ్ జరిమానా, తిరిగివ్వని లైబ్రరీ పుస్తకం ఉంటే కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ ఆపేయొచ్చు. ఆర్డర్ పెట్టే ముందు విద్యార్థి ఖాతాలో బాకీ సున్నా ఉందో లేదో చూసుకోవాలి. కొత్త యూనివర్సిటీ ఓరియెంటేషన్‌లో కోర్సులు ఎంచుకునేది జూన్, జులైల్లో. అప్పటికి మ్యాథ్ 2415 అక్కడి సిస్టంలో ఎక్కి ఉండకపోతే అడ్వైజర్ మళ్లీ కాలిక్యులస్-3లోనే కూర్చోబెడతారు.